పేరు గీకేసిన పెన్ను

ఫిబ్రవరి 27, గురువారం

కాళ్ళు పీక్కుపోతున్నాయి. కొత్త నర్సు పిల్లలు ఆరుగురు వచ్చారు. వాళ్ళకి కడుపు మందుల పాఠం చెప్పే పని నా నెత్తినే పడింది. "నువ్వు సీనియర్‌వి కదా" అంటుంది హెడ్ సిస్టర్. సీనియర్ అంటే కూర్చోడానికి కుర్చీ ఉండదని అర్థం.

ఏటా చెప్పేదే మళ్ళీ చెప్పాను. అసిడిటీ మాత్ర పొద్దున తిండికి అరగంట ముందు ఇవ్వాలి, తిన్నాక ఇస్తే ఇవ్వనట్టే. కడుపులో పుండు మీద పూతలా పట్టే మందుకి పక్కన ఎవరూ పనికిరారు, మిగతా మాత్రలకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. వాంతుల ఇంజెక్షన్ నరంలోకి నెమ్మదిగా తొయ్యాలి. తొందరపడితే పేషెంటు మంచం మీద కుదురుగా ఉండలేక లేచి పారిపోబోతాడు. అందరూ నవ్వారు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట దగ్గర నవ్వుతూనే ఉన్నారు.

చివర్లో బరువు తగ్గించే ఇంజెక్షన్ పెన్ను చూపించాను. వారానికి ఒకసారి, పొట్ట మీద. ఒక పెన్ను ఒక మనిషికే. సూది మార్చినా సరే ఇంకొకరికి వాడకూడదు, పొడిచినప్పుడు రక్తం చుక్కలో చుక్క వెనక్కి వెళ్ళి మందులో కలవచ్చు, అది కంటికి కనపడదు. ఒక పిల్ల రాసుకోకుండా నా మొహమే చూస్తోంది. రాసుకోమ్మా, తర్వాత మర్చిపోతావు అన్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. బడి వంటగది నుంచి వచ్చి ఇరవై నిమిషాలైందట. పైన ఇంకో అంతస్తు ఎక్కాలి. "మోకాళ్ళు అలిగాయే. బతిమాలుకుంటున్నా" అంది.

మార్చి 3, సోమవారం

మోకాళ్ళ డాక్టరు దగ్గరికి అక్కని తీసుకెళ్ళాను. జూన్ పదహారుకి ఆపరేషన్ రాశాడు. ఈలోగా పది కిలోలు తగ్గాలి. తగ్గకపోతే ఆ తేదీ వేరేవాళ్ళకి పోతుంది, మళ్ళీ మన వంతు వచ్చే ఏడాదే. "పది కిలోలంటే ఒక బియ్యం సంచి కదా డాక్టరుగారూ, దించి పక్కన పెట్టేస్తే పోయేదానికి" అంది అక్క. ఆయన నవ్వలేదు.

మా క్లినిక్‌లో అడిగాను. ఇంజెక్షన్ స్టాకు రావడం లేదు, ఉన్నవాళ్ళకే సరిపోవడం లేదు, కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. పేరు రాయించినా నాలుగు నెలలు పడుతుందట. నాలుగు నెలలంటే జూలై.

అక్క తిండి తగ్గించడమంటే నాకు తెలుసు. రోజూ మూడొందల మంది పిల్లలకి వండుతుంది. ఉప్పు చూడకుండా ఎలా వండుతుంది?

మార్చి 5, బుధవారం

చదరంగం మాస్టారు ఇవాళ డిశ్చార్జి అయ్యారు. పిల్లలకి చదరంగం నేర్పుతారు, మంచం మీద కూడా చిన్న అయస్కాంతం బోర్డు పెట్టుకునే ఉండేవారు. "పిల్లలు నన్ను ఏనుగంటారు సిస్టరమ్మా. బోర్డు మీద ఏనుగు ఎంత దూరమైనా పోతుంది. నేను వీధి చివరిదాకా పోలేను" అనేవారు. బరువు తగ్గించే ఇంజెక్షన్ డోసు పెంచగానే వాంతులు పట్టుకున్నాయి. మూడు రోజులు సెలైన్ మీద ఉంచి, ఆ ఇంజెక్షన్ ఆపేశాడు డాక్టరు.

ఆయన పెన్నులో ఒక్క డోసే వాడారు. ఫ్రిజ్‌లోంచి తీసి, వాడిన సూదులు వేసే పసుపు రంగు డబ్బాలో పారేశానని రిజిస్టర్‌లో రాశాను.

మార్చి 6, గురువారం

పెన్ను ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. వెన్న డబ్బా వెనకాల.

మార్చి 9, ఆదివారం

పొద్దున అక్కకి వేశాను. మాస్టారి డోసు పెద్దది, అక్కకి చిన్నది చాలు. పెన్ను చివరి మర తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి ఆపాను. ఇలా అయితే ఎనిమిది వారాలు వస్తుంది. సూది కొత్తది, సీల్ విప్పింది. పెన్ను మీద మాస్టారి పేరున్న లేబుల్ గోటితో గీకేశాను.

నా నర్సింగ్ చదువు రోజుల్లో తెల్ల యూనిఫాం రోజూ అక్కే ఉతికి ఇస్త్రీ చేసేది. చేతి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. పారేసే మందు. పారేయడానికి బదులు వాడాను, అంతే. సూది మార్చాను కదా.

మార్చి 16, ఆదివారం

రెండో డోసు. వికారంగా ఉందంటోంది. "తాలింపు వాసనకే కడుపులో దేవుతోందే. వంటమనిషికి వంటే పడకపోతే ఇంకేం ఉద్యోగం" అని నవ్వింది. కొంచెం కొంచెంగా తిను, నూనె తగ్గించు, తిన్నాక వెంటనే పడుకోకు అన్నాను. కిలోన్నర తగ్గింది.

మార్చి 23, ఆదివారం

మూడు కిలోలు. తూకం మీంచి దిగి, నమ్మకం లేక మళ్ళీ ఎక్కి చూసుకుంది.

తప్పు చేశానని అనిపించడం లేదు. అనిపించాలి కదా అని మాత్రం అనిపిస్తోంది.

మార్చి 27, గురువారం

అక్క కూతురు పొద్దుటి నుంచీ వాంతులు చేసుకుంటోంది. పంతొమ్మిదేళ్ళు, ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు, అద్దంలో మాత్రం దానికి ఎప్పుడూ లావుగానే కనిపిస్తుంది. వచ్చే నెల పరీక్షలు. పరీక్షల భయం. వాంతుల మాత్ర ఇచ్చి, అరగంట ఆగి తినమన్నాను. "వద్దులే పిన్నీ, ఆకలి లేదు" అని అటు తిరిగి పడుకుంది. అక్క నా వైపు చూసి మళ్ళీ గిన్నెలు తోముకుంది.

ఏప్రిల్ 3, గురువారం

పిల్లకి మళ్ళీ అదే. ఈసారి నీళ్ళు కూడా నిలవడం లేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించాను. పరీక్షలయ్యాక తగ్గిపోతుందని అక్కతో చెప్పాను. ఊళ్ళో అందరికీ కడుపు పాఠాలు చెప్పేదాన్ని, ఇంట్లో కడుపు సంగతి నాకు తెలీదా.

ఏప్రిల్ 6, ఆదివారం

అయిదో డోసు. పెన్ను అయిపోయింది. ఎనిమిది వస్తాయనుకుంటే అయిదే వచ్చాయి. క్లిక్కులు తప్పు లెక్కపెట్టానేమో. కళ్ళజోడు మార్చుకోవాలి.

నాలుగున్నర కిలోలు.

ఏప్రిల్ 9, బుధవారం

చదరంగం మాస్టారు మళ్ళీ చేరారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. అరచేతులు కూడా. "నీరసంగా ఉందమ్మా, ముద్ద నోట్లో పెట్టుకోలేకపోతున్నా" అన్నారు. రక్తం తీసి పంపాను.

బరువు గబగబా తగ్గినవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి. రాయి జారి గొట్టంలో అడ్డుపడితే కామెర్లు వస్తాయి. పుస్తకంలో ఉన్నదే, నేను కూడా చాలాసార్లు చూశాను. మాస్టారికి రాళ్ళే.

రాళ్ళే అయ్యుంటాయి.

ఏప్రిల్ 10, గురువారం

రాళ్ళు కావు.

స్కానింగ్‌లో గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగు గంటలకి రక్తం రిపోర్టు వచ్చింది. లివర్‌కి అంటుకునే వైరస్, బి రకం. రక్తంతో అంటుకునేది. కొత్తగా వచ్చిందే, రెండు మూడు నెలల క్రితం ఎక్కడో అంటి ఉంటుందన్నాడు డాక్టరు. అంటే ఆ పెన్నుతో పొడుచుకునే నాటికే ఆయన ఒంట్లో ఉంది. డాక్టరు చెబుతుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నాకు టీకా ఉంది, నర్సులందరికీ వేస్తారు. అక్కకి లేదు. సూది గుచ్చుకున్న వారం లోపు రక్షణ ఇంజెక్షనూ టీకా వేస్తే చాలామంది తప్పించుకుంటారు. ఇదీ నేను చెప్పే పాఠమే. అక్కకి ఆఖరిసారి వేసింది ఆదివారం. ఇవాళ గురువారం. ముందు వేసిన నాలుగింటికీ చేసేదేమీ లేదు.

ఇంటికొస్తే అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కిందట. "ఆగలేదే చిన్నీ, ఒక్కసారీ ఆగలేదు" అని పదిసార్లు చెప్పింది. బాగుందక్కా అన్నాను. రేపు చెబుతాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

పొద్దున ఆరింటికి చెప్పాను. అక్క బడికి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది. ఆ పెన్ను వేరే మనిషిదని, ఆయనకి జబ్బు తేలిందని, అది నీ ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

అక్క జడ అల్లడం ఆపలేదు. చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, అప్పుడు మంచం మీద కూర్చుంది.

"వేరేవాళ్ళదని నాకు తెలుసే" అంది. "లేబుల్ గీకావు గానీ సగం అక్షరాలు అలాగే ఉన్నాయి. అడిగితే ఆపేస్తావని అడగలేదు."

"ఇవాళే వెళ్దాం అక్కా. రెండు ఇంజెక్షన్లున్నాయి. ఆదివారం లోపు వేస్తే పనిచేస్తాయి."

అక్క నా మొహం చూడలేదు. పక్క గదిలో పడుకున్న పిల్ల వైపు చూసింది.

"నాకొక్కదానికే కాదే చిన్నీ."

అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. తలుపు పట్టుకున్నాను. అక్క చెబుతోంది. పిల్ల రెండుసార్లు పొడుచుకుంది. మొదటిసారి తనకి తెలీదు. రెండోసారి ఫ్రిజ్ దగ్గర పట్టుకుంది. తిట్టింది. నాతో మాత్రం చెప్పలేదు. "చెబితే నాది కూడా ఆపేస్తావు. తేదీ పోతుంది. అదేదో రెండుసార్లతో వదిలేసిందిలే అనుకున్నా" అంది. చెప్పేటప్పుడు గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

పిల్లని లేపాను. ఎన్ని క్లిక్కులు తిప్పావే అంటే "ఏమో పిన్నీ, ఆగేదాకా తిప్పాను" అంది. పెన్ను అయిదు వారాలకే ఎందుకు అయిపోయిందో, నీళ్ళు కూడా ఎందుకు నిలవలేదో అప్పుడు తెలిసింది. పరీక్షల భయమట. సిగ్గు లేకపోతే సరి నాకు.

ఆఖరిసారి ఎప్పుడు పొడుచుకున్నావంటే రెండో తారీకు, బుధవారం అంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. వారం మొన్న బుధవారంతో అయిపోయింది. మాస్టారి కళ్ళు పచ్చగా చూసి రాళ్ళే రాళ్ళే అనుకున్నానే, అదే రోజు. ఆ రోజు ఇంటికొచ్చి నోరు తెరిచి ఉంటే దీనికి సమయం ఉండేది.

టాక్సీ పట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. నేరుగా హెడ్ సిస్టర్ గదికి తీసుకెళ్ళాను. తలుపు మూయకముందే మొదలుపెట్టాను, మూస్తే ధైర్యం పోతుందని. ఆవిడ చివరిదాకా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు ఆ పిల్లలకి పాఠం చెబుతున్నప్పుడు నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఎంత బాగా చెబుతుందో అనుకున్నాను" అంది. తిట్టు కాదు అది. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆవిడే ఫోన్లు చేసింది. డాక్టరు వచ్చాడు. ముందు పిల్లకి వెయ్యమంది అక్క. పిల్లకి చిన్నప్పుడు టీకాలు వేయించాను గానీ ఈ టీకా అందులో ఉందో లేదో గుర్తులేదంది. కార్డు ఎప్పుడో పోయింది. పిల్ల రక్తం పరీక్షకి తీశారు, ఎందుకైనా మంచిదని టీకా వేశారు. అక్కకి రెండూ వేశారు, ఒక్కో జబ్బకి ఒకటి. ఆరు నెలల దాకా మళ్ళీ మళ్ళీ రక్తం చూస్తారట. అప్పటిదాకా జూన్ పదహారు సంగతి మర్చిపొమ్మన్నాడు.

నన్ను డ్యూటీ నుంచి తప్పించారు. విచారణ ఉంటుంది. జరిగిందంతా కాగితం మీద రాసివ్వమంది హెడ్ సిస్టర్. రిజిస్టర్‌లో పారేశానని అబద్ధం రాసిన పంక్తి దగ్గర నా సంతకం ఉంది, దాని పక్కన 'పారేయలేదు' అని రాసి ఇంకో సంతకం పెట్టాను.

బయటికొచ్చాక పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో నాకు తెలీదు. విదిలించుకోబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 12, శనివారం

రక్తంతో అంటుకునే జబ్బులు ఇంకా రెండున్నాయి, హెచ్ఐవీ, సి రకం లివర్ వైరస్. అవి మాస్టారికి ఉన్నాయో లేవో తేలితే గానీ అక్కకీ పిల్లకీ ఏం చెయ్యాలో తెలీదు. ఆయన ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు, ఎందుకో చెప్పకుండా అడగకూడదు. "నేను అడుగుతాను. నువ్వు పక్కన ఉండాలి" అంది హెడ్ సిస్టర్.

మాస్టారు బాగా తిట్టారు. మంచిపని చేశారు. అక్కతో అదే చెప్పాను. "తిట్టరా మరి" అంది. రక్తం ఇచ్చారు.

ఏప్రిల్ 14, సోమవారం

పిల్ల రిపోర్టు వచ్చింది. చిన్నప్పటి టీకా దాని ఒంట్లో ఇంకా పనిచేస్తోంది, చాలినంత రక్షణ ఉంది. మాస్టారికి మిగతా రెండు జబ్బులూ లేవు. మిగిలింది అక్క ఒక్కతే. ఆ మాట చెబితే "హమ్మయ్య" అంది. నిజంగానే అంది, మొహం కూడా తేటపడింది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

శనివారం ఇక్కడ అబద్ధం రాశాను. ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాశాను.

మాస్టారు తిట్టలేదు.

హెడ్ సిస్టర్ చెప్పినంతసేపూ ఆయన బోర్డు మీద పావులు సర్దుతూ విన్నారు. ఆవిడ ఏదీ దాచలేదు. పెన్ను ఈమె ఇంటికి తీసుకెళ్ళింది, అక్కకి వేసింది, అక్క కూతురు కూడా వాడింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏమంటారో నాలుగైదు రకాలుగా అనుకుని, అన్నిటికీ జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. నా మందు దొంగిలించావా అంటారు. నీ మీద కంప్లయింటు పెడతానంటారు. మొహం తిప్పుకుంటారు. అన్నిటికీ ఒకే జవాబు, అవునండీ అని.

ఆయన పావులు వదిలేసి నా వైపు చూశారు. పచ్చటి కళ్ళు.

"ఆ పిల్లకి ఎన్నేళ్ళమ్మా?"

"పంతొమ్మిది మాస్టారూ."

బోర్డు పక్కకి జరిపారు. తర్వాత రెండు చేతులూ దగ్గరికి తెచ్చారు. ఒక చేతికి సెలైన్ సూది ఉంది కదా, పూర్తిగా కలవలేదు.

"నా ఒంట్లో ఇది ఉందని నాకు తెలీదమ్మా. దేవుడి సాక్షిగా తెలీదు. నా వల్ల ఇంకొకరి ఇంటికి... మీ అక్కగారితో చెప్పండి, నన్ను క్షమించమని. ఆ పిల్లతో కూడా చెప్పండి."

అలా అనకండి మాస్టారూ అని కూడా అనలేకపోయాను. హెడ్ సిస్టర్ ఆయన చేతికి బెల్టు కట్టి రక్తం తీసింది. ఆయన సూది వైపు చూడలేదు, నా వైపే చూస్తున్నారు, చెబుతానని నేను తల ఊపేదాకా. ఊపాను.

ఇంటికొచ్చి తిట్టారని చెప్పాను. తిట్టారంటే లెక్క సరిపోతుంది. నేను తప్పు చేశాను, ఆయన తిట్టారు, అయిపోయింది. ఆయన చేతులు జోడించారంటే ఎప్పటికీ అయిపోదు. మూడు రోజులుగా ఆ మాట నా దగ్గరే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆయన మందు ఒకసారి తెచ్చి దాచాను, ఇప్పుడు ఆయన పంపిన మాట కూడా దాచాను. అలవాటైపోతోంది నాకు.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి చెప్పాను. అక్క మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది. పిల్ల పక్కనే చదువుకుంటోంది. తిట్టలేదని, క్షమించమన్నారని, చేతులు ఎలా పెట్టారో కూడా చూపించాను.

అక్క నీళ్ళ సంచి తీసి పక్కన పెట్టింది.

"ఆయన అడగడమేంటే" అంది. "అడగాల్సింది మనం."

మనం అంది. నువ్వు అనాలి, అననేలేదు. ఈ అయిదు రోజుల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. పిల్ల పుస్తకం మూసి మా ఇద్దరి మధ్యకీ జరిగింది, అది కూడా ఏడుస్తోంది. రేపు మధ్యాహ్నం పేషెంట్లని చూడనిచ్చే వేళకి ముగ్గురం మాస్టారి దగ్గరికి వెళ్తున్నాం.